పాత యుద్ధ విమానాలు – పునరుద్ధరణ, పరిరక్షణ

ఉపోద్ఘాతం

మీ ఇంట్లో తాతగారి కాలం నాటి కుట్టుమిషను ఒకటి ఉందనుకోండి. దాన్ని ఏం చేయాలి? బాగుచేయించి వాడుకోవచ్చు. శుభ్రంగా తుడిచి, నూనె రాసి, వాడకుండా దాచుకోవచ్చు. లేదా పాత ఇనుప సామాను కొనేవారికి అమ్మివేయవచ్చు.

పాతబడిన విమానాల విషయంలో వైమానిక దళాలకూ, మ్యూజియాలకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. కాని ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కుట్టుమిషను ఆగిపోతే పని ఆగుతుంది. గాలిలో ఇంజను ఆగిపోతే ప్రాణాలకే ముప్పు. అందువల్ల పాత విమానాన్ని ఏం చేయాలన్న నిర్ణయాన్ని అభిమానంతో మాత్రమే తీసుకోకూడదు. ఆ సంగతి ఈ పాఠంలో వివరంగా తెలుసుకుందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పునరుద్ధరణకూ పరిరక్షణకూ గల తేడాను చెప్పగలుగుతారు;
• నిలిపి ఉంచిన విమానం ఎలా పాడవుతుందో వివరించగలుగుతారు;
• పాత ఇంజనును బాగుచేసే దశలను వరుసగా చెప్పగలుగుతారు;
• పాత విమానాన్ని ఎగరనివ్వాలా, నిలిపి ఉంచాలా అన్న విషయంపై మీ అభిప్రాయాన్ని కారణాలతో చెప్పగలుగుతారు.

1. రెండు మాటలు – రెండు పనులు

పాడైన యంత్రాన్ని తిరిగి పనిచేసే స్థితికి తేవడం పునరుద్ధరణ. ఉన్న యంత్రం ఇంకా పాడవకుండా, ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టడం పరిరక్షణ.

పునరుద్ధరణలో అరిగిన భాగాలను తీసివేసి కొత్తవి వేయక తప్పదు. పరిరక్షణలో అసలు భాగాలను వీలైనంత వరకు కదపరు. ఆనాటి రంగు, రివెట్లు, కార్మికుడు వేసిన గుర్తులు కూడా చరిత్రకు ఆధారాలే. ఒకసారి పారవేస్తే అవి మళ్ళీ దొరకవు.

2. కాన్పూరులో మిగిలిన విమానాలు

మన దేశంలో జరిగిన గొప్ప పునరుద్ధరణలలో ఒకటి లిబరేటరు విమానాలకు సంబంధించినది. నాలుగు ఇంజన్లు గల ఈ భారీ బాంబర్లు అమెరికాలో తయారైనవి. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం వీటిని మన దేశం నుంచి నడిపింది. 1945లో యుద్ధం ముగిశాక వాటిలో చాలా విమానాలను కాన్పూరులో వదిలివేశారు. మళ్ళీ ఎవరూ ఎగరేయకుండా ముందే వాటిని పాడుచేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక మన వైమానిక దళానికి బాంబర్లు అవసరమయ్యాయి. బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఆ శిథిలాలను పరిశీలించింది. ఒక విమానంలో పాడైన భాగం మరొక దానిలో బాగుండేది. అలా కొన్నింటి భాగాలతో మరికొన్నింటిని నిలబెట్టి, కాన్పూరు నుంచి బెంగుళూరుకు నడిపించుకొని వచ్చి, అక్కడ పూర్తిగా బాగుచేశారు. ఈ విధంగా సుమారు 40 విమానాలు సిద్ధమయ్యాయి. 1948 నవంబరులో ఏర్పడిన 5వ స్క్వాడ్రనుకు ఇవే తొలి విమానాలు.

ఇవి 1968 వరకు సేవలో ఉన్నాయి. అప్పటికి మిగతా దేశాలలో లిబరేటర్లు చాలావరకు తుక్కుగా మారిపోయాయి. అందువల్ల మన దగ్గర మిగిలిన వాటి కోసం విదేశీ మ్యూజియాలు ముందుకు వచ్చాయి. కెనడా, బ్రిటన్, అమెరికా మ్యూజియాలకు మన లిబరేటర్లు వెళ్ళాయి. ఢిల్లీలోని పాలం వైమానిక దళ మ్యూజియంలో కూడా ఒకదాన్ని ఉంచారు. తుక్కు అని వదిలివేసినదే తరువాత ప్రపంచానికి అపురూపమైన వస్తువు అయింది.

పాఠ్యాంశ ప్రశ్నలు – 1
(అ) పరిరక్షణలో అసలు భాగాలను ఎందుకు కదపరు?
(ఆ) కాన్పూరులోని లిబరేటర్లను బాగుచేయడానికి కావలసిన భాగాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

3. నిలిపి ఉంచిన విమానం ఎలా పాడవుతుంది?

వాడకపోతే వస్తువు అరగదు, కాబట్టి పాడవదని మనం అనుకుంటాం. ఇది సరికాదు.

విమానం దేహంలో ఎక్కువ భాగం అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు. ఇనుములాగా దీనికి ఎర్రటి తుప్పు పట్టదు. రేకుల అతుకుల దగ్గర, రివెట్ల చుట్టూ తేమ నిలిచినచోట తెల్లటి పొడి ఏర్పడుతుంది. పైన రంగు బాగానే కనిపిస్తున్నా లోపల లోహం బలహీనపడుతూ ఉంటుంది. ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకేచోట తేమ చేరితే ఈ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు దీనికి తోడవుతుంది.

రబ్బరు గొట్టాలు ఎండి పగులుతాయి. విద్యుత్ తీగల పైపొర పెళుసుబారుతుంది. టైగర్ మాత్ వంటి శిక్షణ విమానాల రెక్కలు కర్రతో చేసి, పైన గుడ్డ కప్పినవి. వాటిలో కర్ర కుళ్ళుతుంది, అతుకు జిగురు వదులుతుంది, గుడ్డ చివికిపోతుంది. అందుకే లోహపు పనివారితోపాటు వడ్రంగి, కుట్టుపనివారి నైపుణ్యం కూడా ఇక్కడ అవసరం.

4. ఇంజను పని

లిబరేటరులోనూ, డకోటా రవాణా విమానంలోనూ ఒకే రకం ఇంజను ఉండేది. దాని పేరు ట్విన్ వాస్ప్. ఇందులో 14 సిలిండర్లు రెండు వరుసలుగా, బండి చక్రపు ఆకుల్లాగా మధ్య ఇరుసు చుట్టూ అమర్చి ఉంటాయి. దీని శక్తి సుమారు 1,200 హార్స్ పవర్. ఇవి 1,70,000కు పైగా తయారయ్యాయి. అందువల్లనే ఇన్నేళ్ళ తరువాత కూడా వీటికి విడిభాగాలు దొరికే వీలుంది.

పాత ఇంజనును బాగుచేసే పని ఈ దశలలో సాగుతుంది:

(1) విడదీయడం: ప్రతి భాగానికీ చీటీ కట్టి, ఎక్కడి నుంచి తీశారో రాసుకొంటారు.

(2) కడగడం: పేరుకొన్న మసి, గట్టిపడిన నూనె తొలగిస్తారు.

(3) కొలవడం: సిలిండర్లు, పిస్టన్లు, బేరింగులు ఎంత అరిగాయో కొలిచి, తయారీదారు పుస్తకంలోని హద్దులతో పోలుస్తారు. హద్దు దాటిన భాగాన్ని తిరిగి వాడరు.

(4) పగుళ్ళు వెతకడం: ఉక్కు భాగాన్ని అయస్కాంతీకరించి సన్నని ఇనుప పొడి కలిపిన ద్రవం పోస్తారు. పగులు ఉన్నచోట పొడి గీతలా చేరుతుంది. అల్యూమినియం భాగానికి రంగు ద్రవం పూసి తుడిచి, తెల్లపొడి చల్లుతారు. పగులులో దాగిన రంగు పైకి కనబడుతుంది.

(5) కూర్చి పరీక్షించడం: ఇంజనును మొదట నేలమీదనే నడిపి చూస్తారు. నూనె ఒత్తిడి, వేడి సరిగా ఉన్నాయని తేలాకే ఎగరనిస్తారు.

ఈ రకం ఇంజనుకు ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఆగి ఉన్నప్పుడు నూనె మెల్లగా కింది సిలిండర్లలోకి దిగుతుంది. గాలిని నొక్కవచ్చు, కాని ద్రవాన్ని నొక్కలేము. నూనె నిండిన సిలిండరుతో ఇంజనును స్టార్టు చేస్తే లోపలి కడ్డీ వంగిపోతుంది. అందుకే ముందుగా స్విచ్చులు కట్టివేసి ప్రొపెల్లరును చేతితో తిప్పి చూస్తారు. గట్టిగా తగిలితే బలవంతం చేయరు. కింది స్పార్క్ ప్లగ్గు విప్పి నూనె కారనిస్తారు.

5. డకోటా ‘పరశురామ’

1947 అక్టోబరు 27న డకోటా విమానాలు మన సైనికులను శ్రీనగరులో దించాయి. ఆ రోజు మొదట దిగిన డకోటా సంఖ్య వీపీ 905 అని చెబుతారు. 2018లో మన వైమానిక దళానికి ఒక పాత డకోటా చేరింది. డకోటాలు నడిపిన వైమానిక దళ అధికారి కుమారుడు, అప్పటి పార్లమెంటు సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని బహూకరించారు. బ్రిటన్‌లో పునరుద్ధరించిన ఆ విమానం 2018 ఏప్రిల్‌లో మజిలీలు చేస్తూ స్వయంగా ఎగురుకుంటూ భారతదేశం చేరింది. దానికి ‘పరశురామ’ అని పేరు పెట్టి, వీపీ 905 సంఖ్య వేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సంఖ్య అదే, కాని విమానం అది కాదు. ఇది 1944లో తయారైన మరొక డకోటా. జ్ఞాపకార్థం పాత సంఖ్య వేయడంలో తప్పులేదు. అయితే ఏది అసలు, ఏది తరువాత చేర్చినది అన్నది రికార్డులో స్పష్టంగా ఉండాలి. లేకపోతే తరువాతి తరం పొరపడుతుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు – 2
(అ) ఇంజను స్టార్టు చేసే ముందు ప్రొపెల్లరును చేతితో ఎందుకు తిప్పుతారు?
(ఆ) ‘పరశురామ’ 1947లో శ్రీనగరులో దిగిన విమానమేనా?

6. ఎగరనివ్వాలా? నిలిపి ఉంచాలా?

మన దేశం నుంచి వెళ్ళిన ఒక లిబరేటరును అమెరికాలోని కోలింగ్స్ ఫౌండేషన్ బాగుచేయించింది. అది 1989లో మళ్ళీ ఎగిరింది. ఆ శబ్దం విన్నవారికి, అందులో కూర్చున్నవారికి చరిత్ర కళ్ళముందు నిలిచినట్టు ఉంటుంది. ఇది ఎగరనివ్వాలనే వారి వాదం.

అదే సంస్థకు చెందిన మరొక పాత బాంబరు, బీ-17, 2019 అక్టోబరు 2న కనెక్టికట్ రాష్ట్రంలో కూలిపోయింది. ఏడుగురు మరణించారు. వారిలో ఐదుగురు ప్రయాణికులు. ఒక ఇంజను ఆపివేసిన తరువాత పైలట్ వేగాన్ని సరిగా నిర్వహించలేకపోవడం ప్రధాన కారణమని దర్యాప్తులో తేలింది. రెండు ఇంజన్లు శక్తి కోల్పోవడానికి నిర్వహణ లోపం కారణమని కూడా తేలింది. మాగ్నెటోలో, స్పార్క్ ప్లగ్గులలో లోపాలు కనిపించాయి. ఇవి చిన్న భాగాలే. వాటిని సకాలంలో చూడకపోవడం వల్ల ప్రాణాలూ పోయాయి, తిరిగిరాని విమానమూ పోయింది.

నిలిపి ఉంచడం ఖర్చులేని పని అనుకోకండి. 29 ఏళ్ళు సేవచేసి 2017 మార్చిలో విరమించిన నౌకాదళ విమానం టీయూ-142ను విశాఖపట్నం బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చారు. 2017 డిసెంబరులో దాన్ని ప్రారంభించారు. సముద్రం ఎదురుగా ఉండే అటువంటి విమానాన్ని తరచుగా కడగాలి, అతుకులు తనిఖీ చేయాలి, రంగు వేయాలి. లేకపోతే ఉప్పుగాలి దాన్ని తినివేస్తుంది.

కాబట్టి నిర్ణయించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇటువంటి విమానాలు ఇంకా ఎన్ని మిగిలాయి? విడిభాగాలు, పని తెలిసినవారు ఉన్నారా? ఏటేటా నిర్వహణకు డబ్బు ఉందా? ఒకటే మిగిలి ఉంటే దాన్ని నేలమీద కాపాడడం మేలు. మిగతా రెండింటికీ ‘అవును’ అనే జవాబు రాకపోతే ఎవరినీ అందులో ఎక్కించకూడదు.

మీరు నేర్చుకున్నది

• పునరుద్ధరణ యంత్రాన్ని పనిచేయిస్తుంది. పరిరక్షణ దాని అసలు రూపాన్ని కాపాడుతుంది.
• నిలిపి ఉంచిన విమానం కూడా తేమ వల్ల, ఉప్పు వల్ల పాడవుతుంది.
• కొలత, తనిఖీ, రికార్డు – ఈ మూడూ లేని పునరుద్ధరణ ప్రమాదకరం.

ముగింపు అభ్యాసం

మీ ఊరిలోని పాత యంత్రం ఒకదాన్ని ఎంచుకోండి. అది ఆయిలు ఇంజను కావచ్చు, బియ్యపు మిల్లు కావచ్చు. దాన్ని నడిపించాలా, నిలిపి ఉంచాలా? పై మూడు ప్రశ్నల ఆధారంగా పది వాక్యాలు రాయండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

1. (అ) అవి చరిత్రకు ఆధారాలు. ఒకసారి పోతే తిరిగి దొరకవు. (ఆ) అక్కడే వదిలివేసిన ఇతర లిబరేటర్ల నుంచి.
2. (అ) కింది సిలిండర్లలో నూనె చేరిందేమో తెలుసుకోవడానికి. (ఆ) కాదు, ఆ సంఖ్యను జ్ఞాపకార్థం వేసిన మరొక డకోటా.