వెబ్‌సైట్ కుకీస్: 'యాక్సెప్ట్ ఆల్' నొక్కేముందు ఏది ఉంచాలో, ఏది ఆపాలో తెలుసుకోండి

కొత్త ఫోన్ రివ్యూ చదువుదామని ఏదైనా సైట్ ఓపెన్ చేస్తే చాలు, సగం స్క్రీన్‌ని మూసేస్తూ ఒక బాక్స్ వస్తుంది. 'మేము కుకీస్ వాడుతున్నాం, ఒప్పుకుంటారా?' అని అడుగుతుంది. మనం చదవం. పెద్దగా మెరిసే 'యాక్సెప్ట్ ఆల్' బటన్ నొక్కేసి ముందుకెళ్లిపోతాం. ఇంకొంతమంది దీనికి పూర్తి రివర్స్. కుకీ అంటేనే వైరస్ అనుకుని వారానికోసారి అన్నీ డిలీట్ చేస్తారు, ఆ తర్వాత ప్రతి సైట్‌లో మళ్లీ లాగిన్ అవుతూ తిప్పలు పడతారు. ఈ రెండూ అవసరం లేదు. కుకీల్లో మనకు కావాల్సినవి ఉన్నాయి, అక్కర్లేనివి ఉన్నాయి, తాళంచెవిలా జాగ్రత్తగా దాచుకోవాల్సినవీ ఉన్నాయి. తేడా తెలిస్తే ఐదు నిమిషాల్లో ఫోన్‌ని సెట్ చేసుకోవచ్చు.

అసలు కుకీ అంటే ఏంటి?

వెబ్‌సైట్లకు పుట్టుకతోనే మతిమరుపు. మీరు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తే, అంతకుముందు వచ్చింది మీరేనని సర్వర్‌కి దానంతట అది తెలియదు. ఉదాహరణకు నౌపడ జంక్షన్ నుంచి విశాఖపట్నానికి టికెట్ బుక్ చేస్తున్నారనుకోండి. మొదటి పేజీలో ట్రైన్ వెతికారు, రెండో పేజీలో ప్యాసింజర్ పేరు ఇచ్చారు, మూడో పేజీలో పేమెంట్. గుర్తు పెట్టుకునే ఏర్పాటు ఏదీ లేకపోతే, పేమెంట్ పేజీకి వచ్చేసరికి 'మీరెవరు?' అని సైట్ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ సమస్యకు 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజనీర్ లూ మాంటుల్లి పరిష్కారం కనిపెట్టాడు. అదే కుకీ. గవర్నమెంట్ హాస్పిటల్లో ఇచ్చే ఓపీ చీటీ లాంటిదన్నమాట. మీ వివరాలన్నీ హాస్పిటల్ రిజిస్టర్‌లో ఉంటాయి, మీ చేతిలో ఉండేది నంబర్ వేసిన చీటీ మాత్రమే. ఏ గదికి వెళ్లినా చీటీ చూపిస్తే మీరెవరో వాళ్లకు తెలుస్తుంది. కుకీ కూడా అంతే. సైట్ ఇచ్చిన చిన్న టెక్స్ట్ ముక్కను మీ బ్రౌజర్ దాచుకుంటుంది, ఆ సైట్‌కి మళ్లీ వెళ్లిన ప్రతిసారీ తీసి చూపిస్తుంది. దీని సైజ్ సుమారు 4 కేబీ దాటదు. ఇది ప్రోగ్రామ్ కాదు కాబట్టి వైరస్‌లా తనంతట తాను రన్ అవ్వదు.

కొన్ని కుకీలు బ్రౌజర్ మూసేస్తే పోతాయి. కొన్ని నెలల తరబడి ఉంటాయి. క్రోమ్‌లో అయితే ఏ కుకీ అయినా గరిష్ఠంగా 400 రోజులే ఉంటుంది.

మీ వెంటపడే కుకీ ఏది?

మీరు ఓపెన్ చేసిన సైటే ఇచ్చే చీటీని ఫస్ట్ పార్టీ కుకీ అంటారు. లాగిన్, కార్ట్, భాష, డార్క్ మోడ్ లాంటివి గుర్తుండేది దీనివల్లే. దీన్ని ఆపితే నష్టం మనకే.

అసలు కథ థర్డ్ పార్టీ కుకీతో మొదలవుతుంది. చాలా సైట్లలో యాడ్ కంపెనీల కోడ్ ఉంటుంది. మీరు పేజీ తెరవగానే మీ బ్రౌజర్ ఆ యాడ్ కంపెనీ సర్వర్‌ని కూడా పలకరిస్తుంది. అప్పుడు ఆ కంపెనీ కూడా ఒక చీటీ మీ చేతిలో పెడుతుంది. రేపు మీరు ఇంకో సైట్‌కి వెళ్లారు. అక్కడా అదే కంపెనీ కోడ్ ఉంటే, బ్రౌజర్ అదే చీటీ చూపిస్తుంది. అంటే ఊళ్లోని ప్రతి కొట్టులోనూ ఒకే మనిషి మూల కూర్చుని, మీరు ఏ కొట్టుకి వెళ్లారో, ఏం బేరమాడారో తన పుస్తకంలో రాసుకున్నట్టు. అందుకే ఒక సైట్‌లో ఇయర్‌బడ్స్ చూస్తే, వార్తలు చదివే సైట్‌లోనూ అవే ఇయర్‌బడ్స్ కనిపిస్తాయి.

సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022లో ప్రతి సైట్ కుకీలనూ విడివిడి డబ్బాల్లో పెట్టే పద్ధతిని డిఫాల్ట్ చేసింది. గూగుల్ కూడా క్రోమ్‌లో వీటిని తీసేస్తామని 2020 జనవరిలో చెప్పింది. తర్వాత వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచన మానుకున్నట్టు ప్రకటించింది. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు తమంతట తామే వీటిని ఆఫ్ చేసుకోవాలి.

లాగిన్ కుకీ పోతే పాస్‌వర్డ్ కాపాడదు

యాడ్స్ వెంటపడటం చిరాకు మాత్రమే. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. లాగిన్ అయ్యాక సైట్ మిమ్మల్ని గుర్తుపట్టేది పాస్‌వర్డ్‌తో కాదు, కుకీతో. ఆ చీటీ ఎవరి చేతిలో ఉంటే సైట్ దృష్టిలో వాళ్లే మీరు. పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ కూడా అడగకపోవచ్చు.

గ్యాడ్జెట్ అభిమానులకు లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ ఛానల్ తెలిసే ఉంటుంది. 1.5 కోట్లకు పైగా సబ్‌స్క్రైబర్లున్న ఆ ఛానల్‌ని 2023 మార్చి 23న హ్యాకర్లు పట్టేసి, టెస్లా పేరుతో క్రిప్టో మోసం లైవ్ నడిపారు. ఎలాగంటే, స్పాన్సర్‌షిప్ ఆఫర్‌లా కనిపించిన ఫైల్‌ని అక్కడి ఉద్యోగి ఒకరు ఓపెన్ చేశారు. అందులోని మాల్వేర్ బ్రౌజర్ డేటాతో పాటు లాగిన్ కుకీలనూ ఎత్తుకెళ్లింది. అంత టెక్నాలజీ తెలిసిన టీమ్‌కే ఈ పరిస్థితి వచ్చింది. క్రాక్ చేసిన గేములు, సాఫ్ట్‌వేర్లు పీసీలో ఇన్‌స్టాల్ చేసేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మన దగ్గర ఇంకా మామూలుగా జరిగేది నెట్ సెంటర్లో. నౌపడ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఒక స్టూడెంట్ టెక్కలి వెళ్లి, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల కోసం నెట్ సెంటర్లో కూర్చున్నాడనుకుందాం. హాల్ టికెట్ డౌన్‌లోడ్ కోసం జీమెయిల్ కూడా ఓపెన్ చేశాడు. పని అయ్యాక విండో మూసేసి వచ్చేశాడు. విండో మూయడం అంటే లాగౌట్ కాదు! కుకీ ఇంకా ఆ సిస్టమ్‌లోనే ఉంది. తర్వాత కూర్చున్నవాళ్లు అదే జీమెయిల్ తెరవొచ్చు, వెబ్ ఆప్షన్లు మార్చే అవకాశమూ ఉండొచ్చు. అందుకే:

1. వేరేవాళ్ల సిస్టమ్‌లో ఎప్పుడూ ఇన్‌కాగ్నిటో విండోలోనే లాగిన్ అవ్వండి. ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసేస్తే ఆ కుకీలు పోతాయి.
2. 'పాస్‌వర్డ్ సేవ్ చేయాలా?' అంటే వద్దనండి.
3. లేచే ముందు తప్పకుండా లాగౌట్ నొక్కండి.
4. మర్చిపోయి వచ్చేస్తే ఫోన్‌లో గూగుల్ అకౌంట్ → సెక్యూరిటీ → యువర్ డివైసెస్ లోకి వెళ్లి, ఆ సిస్టమ్‌ని సైన్ అవుట్ చేయండి. పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.

ఫోన్‌లో ఇలా సెట్ చేసుకోండి

(వెర్షన్‌ని బట్టి మెనూ పేర్లు కాస్త మారొచ్చు.)

క్రోమ్, ఆండ్రాయిడ్: పైన మూడు చుక్కలు → సెట్టింగ్స్ → సైట్ సెట్టింగ్స్ → థర్డ్ పార్టీ కుకీస్ → బ్లాక్.

ఫైర్‌ఫాక్స్: సెట్టింగ్స్ → ఎన్‌హాన్స్‌డ్ ట్రాకింగ్ ప్రొటెక్షన్. స్టాండర్డ్ సరిపోతుంది, ఇంకా గట్టిగా కావాలంటే స్ట్రిక్ట్ పెట్టుకోండి.

ఐఫోన్, సఫారీ: సెట్టింగ్స్‌లో సఫారీ ఓపెన్ చేసి 'ప్రివెంట్ క్రాస్-సైట్ ట్రాకింగ్' ఆన్‌లో ఉందో లేదో చూడండి.

బ్లాక్ చేశాక ఏదైనా సైట్‌లో పేమెంట్ గానీ, వీడియో గానీ పనిచేయకపోతే, ఆ ఒక్క సైట్‌కి మాత్రం అనుమతి ఇవ్వొచ్చు. అలాగే ఒక సైట్ తరచూ మొరాయిస్తుంటే అన్ని కుకీలూ తీసేయక్కర్లేదు. అడ్రస్ బార్ పక్కనున్న గుర్తు నొక్కి ఆ సైట్ డేటా మాత్రమే డిలీట్ చేయండి.

ఇక పాప్-అప్ వచ్చినప్పుడు 'రిజెక్ట్ ఆల్' ఉంటే నొక్కండి, సైట్ నడవడానికి తప్పనిసరైన కుకీలు ఎలాగూ ఉంటాయి. 'మేనేజ్' మాత్రమే ఉంటే లోపలికెళ్లి అడ్వర్టైజింగ్, అనలిటిక్స్ టిక్కులు తీసేయండి. ఒక్కటి గుర్తుంచుకోండి: పాప్-అప్‌లో చెప్పిన జవాబు ఆ సైట్‌కే, బ్రౌజర్ సెట్టింగ్ అన్ని సైట్లకూ.

కుకీలు ఆపితే మొత్తం దాగిపోతామా?

లేదు. మీ ఐపీ అడ్రస్ సైట్లకు కనిపిస్తూనే ఉంటుంది. దాంతో మీ ప్రాంతాన్ని ఉజ్జాయింపుగా ఊహిస్తారు. నౌపడలో కూర్చున్నా విశాఖ, హైదరాబాద్ యాడ్స్ రావడానికి ఇదో కారణం. యాప్స్‌లో అయితే కుకీ పనిని అడ్వర్టైజింగ్ ఐడీ చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ → గూగుల్ → యాడ్స్ లోకి వెళ్లి దాన్ని డిలీట్ చేయొచ్చు.

చట్టం ఏమంటోంది?

మన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో విడుదలయ్యాయి. కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన నిబంధనలకు 18 నెలల గడువు ఇచ్చారు. కుకీతో మీ వ్యక్తిగత డేటా తీసుకుంటే ఇవి దానికీ వర్తిస్తాయి. సమ్మతి స్పష్టంగా, స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. ఒప్పుకోవడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. ఆ నోటీసును ఇంగ్లీష్‌లో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లోని భాషల్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగూ ఉంది. 18 ఏళ్లలోపు పిల్లలను ట్రాక్ చేయడం, వాళ్లను లక్ష్యంగా చేసుకుని యాడ్స్ వేయడం కూడా ఈ చట్టం ప్రకారం కుదరదు, కొన్ని మినహాయింపులు తప్ప.

ఆ తెలుగు నోటీసు వచ్చినప్పుడు చదివి జవాబు చెప్పాల్సింది మాత్రం మనమే. అప్పటిదాకా ఆగకుండా, క్రోమ్‌లో థర్డ్ పార్టీ కుకీస్ ఇప్పుడే బ్లాక్ చేయండి. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లలోనూ అదే సెట్టింగ్ మార్చి పెట్టండి.