పరీక్షకు నిలిచినదే స్థిరము

శామీరుపేట చెఱువును దాటి కరీంనగరపు బాటను ఉత్తరముగా పోవువారికి తుర్కపల్లి ప్రాంతమున జీనోము వ్యాలీ కానవచ్చును. అచటి భారత్ బయోటెక్కు సంస్థవారు 2020వ సంవత్సరమున కోవాక్సిను టీకాను తొలుత కొన్ని వందలమందియందు పరీక్షించి, పిదప మూడవ దశలో సుమారు 25,800 మందిని చేర్చుకొనిరి. కొలదిమందితో మొదలిడి క్రమముగా పెక్కుమందికి పోవు ఈ పద్ధతియే కంప్యూటరులను నడుపు సాఫ్ట్‌వేరు విషయమునను గలదు. అది యెట్లో యిచట వివరించెదను.

లినక్సు అనునది ఉచితముగా లభించుచు, ఎవరైనను పరిశీలించి దిద్దుటకు వీలైన సాఫ్ట్‌వేరు. దానికి కావలసిన ఉపకరణములనెల్ల చేర్చి పంచిపెట్టు సంఘములు పెక్కులు కలవు. వానిలో 1993వ సంవత్సరము ఆగష్టు 16వ తేదీన ఈయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియను ప్రసిద్ధమైనది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో వెలువరించిన లినక్సునకును డెబియనే ఆధారము. ఇందలి ఒక్కొక్క సాఫ్ట్‌వేరు కట్టకు ప్యాకేజి యని పేరు. తెలుగక్షరములను తెరపై చూపు లోహిత్ అను ఫాంటు కూడ ఇట్టి ప్యాకేజియే. 2025 ఆగష్టు 9వ తేదీన వెలువడిన డెబియను 13వ విడుదలలో 69,000కు మించిన ప్యాకేజీలు కలవు.

ఇన్నింటిని నమ్మదగినవిగా నిర్ణయించుటకు డెబియనువారు మూడు శాఖల నేర్పఱచిరి. క్రొత్త ప్యాకేజి మొదట అస్థిరశాఖలో ప్రవేశించును. ఈ శాఖకు సిడ్ అని పేరు. టాయ్ స్టోరీ అను చలనచిత్రములో బొమ్మలను విఱుగగొట్టు బాలుని పేరే యిది! అచట సాధారణముగా రెండు మొదలు పది దినముల వఱకు నిలిచి, క్రొత్తగా ఘోరదోష మేదియు బయలుపడక, తాను ఆధారపడు తక్కిన ప్యాకేజీలతో పొసగినయెడల పరీక్షాశాఖకు పోవును. సుమారు రెండేండ్లకొకమాఱు ఆ శాఖలో క్రొత్త మార్పులను నిలిపివేసి, నెలల తరబడి దోషములను మాత్రమే దిద్దుదురు. పిమ్మటనే దానికి స్థిరశాఖ యను గౌరవము కలుగును. ఆపై భద్రతకు భంగము కలిగించు లోపములను, ఇతర ఘోరదోషములను సవరించుటయే గాని క్రొత్త సొగసులను చేర్పరు. కావున స్థిరమనగా దోషరహితమని యర్థము కాదు. పలువురు పరీక్షించినది, ఊరక మాఱనిది యని యర్థము.

ఈ యోపికవలని మేలు 2024వ సంవత్సరమున లోకమునకు తేటపడెను. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను చిన్న ప్యాకేజిలో, ఏండ్లకొలది నమ్మకము సంపాదించిన యొకరు మాఱుపేరుతో దొంగద్వారము నమర్చిరి. దానివలన దూరముననున్న పరులు కంప్యూటరులలో చొరబడగలిగి యుందురు. ఆ ప్యాకేజి సిడ్‌ను దాటి పరీక్షాశాఖలోనికి సైతము వచ్చెను. కొలది దినముల కావలి దానిని పట్టజాలకపోయెను. అయితే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను నింజనీరు సిడ్ నడుచు తన యంత్రములో ప్రవేశమునకు అర సెకను ఆలస్యమగుట గమనించి, కారణమును వెదకి, మార్చి 29వ తేదీన లోకమునకు ప్రకటించెను. 2023లో వెలువడిన స్థిరశాఖలో పాత ప్యాకేజియే యుండుటచే దాని నుపయోగించువారికి హాని కలుగలేదు.

ఇందు గ్రహింపవలసినది రెండు మాటలు. కాలము గడచినంతమాత్రమున ఏదియు పరీక్షింపబడదు. శ్రద్ధగా చూచు కన్ను కావలయును. ఆ కన్ను చూచువఱకు తక్కినవారిని కాపాడునది నిదానము. కనుకనే విద్యార్థుల మార్కులను భద్రపఱచు పాఠశాల కంప్యూటరునకు స్థిరశాఖయే తగును. నేర్చుకొన గోరువాడు తన సొంత యంత్రములో పరీక్షాశాఖను నడుపవచ్చును.

విద్యార్థులారా, మీరును ఈ పనిలో పాలుగొనవచ్చును. డెబియనువారి దోషముల పట్టిక యందఱకును తెఱచియుండును. తెరపై నొక తెలుగు ఒత్తు తప్పుగా కానవచ్చినయెడల, ప్యాకేజి పేరును, దాని సంఖ్యను, మీరు చేసినదానిని, చూచినదానిని స్పష్టముగా వ్రాసి తెలుపుడు. అర సెకను ఆలస్యమును ఉపేక్షింపని యొక్కని శ్రద్ధ లోకమునకెంత మేలు చేసెనో చూచితిరి గదా! చిన్న తప్పును చూచి ఊరకుండక తెలుపువాడు, తానెఱుగని వేలమందికి ఉపకారము చేసినవాడగును.