రచయిత ప్రతిజ్ఞ, దినచర్య

సూరతు నుండి భరూచికి రైలులో వెళ్ళేవారికి దారిలో కిమ్ అనే స్టేషను తగులుతుంది. అదే పేరు గల నది ఆ చెంతనే పారుతుంది. చుట్టుపట్ల మరమగ్గాల శాలలు విస్తారంగా వెలసినవి. సూరతు ప్రాంతపు మగ్గాలతో తెలుగువారి సంబంధం తరాల నాటిది. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ సీమల నుండి పద్మశాలి కుటుంబాలు బ్రతుకుతెరువు వెదకుకొంటూ ఆ నగరం చేరుకొన్నవి. అక్కడి నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమానికి సైతం చోటు దొరికినది. పగలో రాత్రో 12 గంటలు మగ్గాల హోరులో నిలిచి ఇల్లు చేరిన మనిషికి కథ వ్రాయాలనే కోరిక ఉన్నదనుకొందాం. ఆ కోరిక ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఈ ప్రశ్న మగ్గం ముందు నిలిచేవానిది మాత్రమే కాదు. బడిపంతులుది, గుమాస్తాది, ఇంటిపని ముగిసిన తరువాతనే కాగితం ముట్టగల గృహిణిది కూడా. తీరిక దొరికితే వ్రాస్తామనే మాట ప్రతి భాషలోనూ వినబడుతుంది. తీరిక దొరికిన తరువాత వ్రాసినవారు మాత్రం తక్కువ. కనుక రచయితను నిలబెట్టేది తీరిక కాదేమోనని అనుమానించవలసి ఉన్నది. ఈ అనుమానాన్ని తీర్చగల జీవితమొకటి ఆ సూరతు నగరంలోనే పుట్టినది.

నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే 1833 ఆగస్టు 24న సూరతులో జన్మించినారు. గుజరాతీలు ఆయనను నర్మద్ అని ఆత్మీయంగా పిలుచుకొంటారు. ఆయన పుట్టిన రోజును గుజరాతీ భాషా దినోత్సవంగా పాటిస్తారు. ఆధునిక గుజరాతీ వచనానికి మార్గదర్శి, సంఘసంస్కర్త, కవి. బొంబాయిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ 1858 నవంబరు 23న ఆ ఉద్యోగాన్ని వదలుకొన్నారు. ఇంటికి వచ్చి, కంట తడితో కలం వైపు చూచి, ఇకమీదట తనకు అదే దిక్కని విన్నవించుకొన్నట్లు స్వయంగా చెప్పుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు 25 ఏండ్లు. భారతీయ సాహిత్యంలో రచయిత ప్రతిజ్ఞ అనగానే గుర్తు రాదగిన సన్నివేశమిది.

ఆ సన్నివేశం అందమైనదే. అయితే చాలామంది అక్కడనే ఆగిపోతారు. ప్రతిజ్ఞ చేయడానికి ఒక సాయంకాలం చాలును. దానిని నిలుపుకోవడానికి 24 ఏండ్లు పట్టినవి. ఆ ఏండ్లలో ఆయనకు అప్పులు పెరిగినవి, ఆప్తులతో విభేదాలు వచ్చినవి, సంఘం ముఖం చిట్లించినది. కంటతడి ఆరిన మరునాటి నుండి ఆయనను నడిపించినదేమిటి?

రెండు పనులు కనిపిస్తాయి. మొదటిది పత్రిక. 1864లో మిత్రులతో కలిసి ‘డాండియో’ అనే పక్షపత్రికను ప్రారంభించినారు. పక్షపత్రిక మనస్సు బాగుండే వరకు ఆగదు. పదిహేనవ నాటికి పాఠకుడు ఎదురు చూస్తాడు. ఉత్సాహం వచ్చి వ్రాయడం కాక, వ్రాయవలసి వచ్చినందువలన ఉత్సాహం పుట్టడమనేది గడువు పెట్టుకొని పనిచేసిన ప్రతి రచయితకూ అనుభవంలోని సంగతి.

రెండవది నిఘంటువు. పాతికవేలకు పైబడిన మాటలతో ‘నర్మకోశ’ అనే గుజరాతీ నిఘంటువును ఆయన ఏండ్ల తరబడి కూర్చి 1873లో పూర్తి గ్రంథంగా వెలువరించినారు. నిఘంటువు పనికి ప్రేరణ అక్కరలేదు. ఈనాడు పది మాటలు, రేపు పది మాటలు. కవిత పలకని దినాన సైతం మాటకు అర్థం వెదకవచ్చును, వాడుక సరిచూడవచ్చును, అక్షరక్రమంలో అమర్చవచ్చును. కవి తన భాషకు దూరం కాకుండా నిలిచే ఉపాయమిది. నేడు గుజరాతు రాష్ట్రగీతంగా ఆదరింపబడుతున్న ఆయన గేయం 1873లో ఆ నిఘంటువుకు ముందుమాటగానే వ్రాయబడినది. ఆయన కవితలన్నిటిలోనూ జనం నాలుకపై నిలిచినది, కవితకు ఎంతో దూరమని మనమనుకొనే కోశరచనను ఆనుకొని పుట్టినది.

1882లో ఆర్థికమైన ఇబ్బంది తట్టుకోలేక ఆయన మరల ఉద్యోగంలో చేరినారు. దీనిని ఓటమి అనేవారున్నారు. ఆ నిర్ణయం ఆయనకు ఎంత బాధాకరమో ఊహింపవచ్చును. కాని విరిగినది ప్రతిజ్ఞ, వ్రాత కాదు. ‘ధర్మవిచార్’ అనే ఆయన వ్యాససంపుటి ఆ తరువాత, 1885లో వెలువడినది. 1886 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసినారు. 1866లోనే వ్రాసుకొన్న ఆత్మకథ ‘మారీ హకీకత్’ శతజయంతి సందర్భాన 1933లో గాని లోకానికి అందలేదు. అచ్చు కోసం అది దశాబ్దాలు వేచి ఉన్నది. వ్రాయడం మాత్రం వేచి ఉండలేదు.

ఈ జీవితాన్ని చదివి ఉద్యోగం వదలుకోవడమే రచయితకు మార్గమని తెలుగు రచయిత అనుకోనక్కరలేదు. మన కందుకూరి వీరేశలింగంగారు ఉపాధ్యాయవృత్తిలో ఉంటూనే 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించినారు. గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానపు కొలువులో ఉండి వ్రాసినారు. 1892లో ప్రదర్శింపబడిన ‘కన్యాశుల్కము’ను ఆయన వదలిపెట్టక, దాదాపు క్రొత్త నాటకమన్నంతగా తిరగవ్రాసి 1909లో వెలువరించినారు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో మరణించే వరకు ‘చందమామ’ పనిలో ఉన్నారు. పిల్లల పత్రికకు నెలనెలా చేసే ఆ చాకిరి ఆయన కథానవలారచనను ఎండగట్టలేదు. ఒకరు కొలువు వదలినారు, తక్కినవారు వదలలేదు. అందరిలోనూ సమానంగా ఉన్నది, రోజూ చేతిలో ఉండే భాషాసంబంధమైన పని.

నేతపనివారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పడుగు ముందుగా సాగి ఉంటేనే పేకకు ఆధారం దొరుకుతుంది. రంగూ అంచూ పేక తెచ్చిపెట్టవచ్చును గాని, గాలిలో నేయడం సాధ్యం కాదు. రచయితకు దినచర్య పడుగు వంటిది. స్ఫూర్తి ఎప్పుడు వచ్చినా దానికి చోటుండాలంటే పడుగు సిద్ధంగా ఉండవలెను.

కనుక ఉత్సాహం సన్నగిల్లిన రచయిత, నాకు వ్రాయాలని ఎందుకు అనిపించడం లేదని తనను తాను తవ్వుకోవడం కన్న, చేతికి ఒక చిన్న పని కల్పించుకోవడం మేలు. ఇష్టమైన పరభాషా రచననుండి దినానికొక పేరా అనువదించవచ్చును. వృద్ధుల నోట వినే సామెతలు వ్రాసి పెట్టుకోవచ్చును. పాత కథ తీసి గురజాడవలె తిరగవ్రాయవచ్చును. నెలకొకమారు నలుగురు కూడి చదువుకొనే ఏర్పాటు ఉంటే అదే పక్షపత్రిక వంటి గడువు అవుతుంది. అరగంట చాలును. అయితే అది ప్రతిదినమూ కావలెను.

సూరతులోని తెలుగు రచయితకు ఇటువంటి పని ఎదుటనే ఉన్నది. ఆసు, అచ్చు, నాడె, కండె, పడుగు, పేక — తాతలు చేతిమగ్గం మీద వాడిన ఈ మాటలు మరమగ్గం దగ్గరకు వచ్చేసరికి కొన్ని మారినవి, కొన్ని జారిపోయినవి. వాటి స్థానంలో గుజరాతీ, హిందీ మాటలు చేరినవి. గుజరాతీ వింటూ పెరిగిన మనుమలకు వీటి అర్థం చెప్పగలవారు ఇంకా బ్రతికి ఉన్నారు. వారు పోయిన తరువాత ఈ పని చేయడానికి ఎవరికీ వీలుండదు. పని దిగి వచ్చిన తరువాత దినానికి రెండు మాటలు వ్రాసి పెట్టేవానికి ఏడాది తిరిగేసరికి ఏడువందల మాటలు చేతికి వస్తాయి. అందులోనుండి కథ పుడుతుందో లేదో ముందుగా ఎవరూ చెప్పలేరు. నర్మద్‌కు సైతం తన గేయం నిఘంటువు ముంగిట పుడుతుందని ముందుగా తెలియదు.