చెయ్యి ఎందుకు వణుకుతుంది? కాలు ఎందుకు ఆగిపోతుంది?



నేను పార్కిన్సన్ అనే జబ్బు గురించి రాస్తున్నాను. ఇది మా తాతకు ఉంది. ఊళ్ళో కొందరు జీలుగు కల్లు ఎక్కువై వణుకుతున్నాడు అన్నారు. కొందరు దెయ్యం అన్నారు. మూడు కోళ్ళు, ఒక మేక అయిపోయాయి, వణుకు తగ్గలేదు. (దిసారిని నేను వెక్కిరించటం లేదు. ఆయన మాకు తాత వరసే.) పోయిన ఏడాది విశాఖపట్నంలో నరాల డాక్టరు గారు చూసి జబ్బు పేరు చెప్పారు. ఆయన చెప్పినవి, మన సైన్సు మేడమ్ గారు బొమ్మ గీసి చెప్పినవి కలిపి రాస్తున్నాను.

ఈ జబ్బులో చెయ్యికి బలం పోయి వణకదు. కండ బాగానే ఉంటుంది, నరం తెగలేదు. తేడా అంతా మెదడు లోపల ఉంది.

మనం గ్లాసు పట్టుకోవాలి అనుకుంటే మస్తిష్కం ఒక్కటే ఆజ్ఞ ఇస్తే సరిపోదు. దాని లోపల అడుగున బేసల్ గాంగ్లియా అనే ముద్దలు ఉంటాయి. కొండ కింద మెట్లు మెట్లుగా ఉన్న వరి మళ్ళకు మనం మడవ కట్టి ఉంచుతాం కదా. ఏ మడికి నీళ్ళు కావాలో ఆ మడవ ఒక్కటే తీస్తాం. ఈ ముద్దలు కూడా అంతే. కావలసిన కదలికకు మడవ తీస్తాయి, మిగతావి మూసి ఉంచుతాయి. తీయటానికి డోపమైన్ అనే రసాయనం కావాలి. దాన్ని మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఉన్న నాడీకణాలు తయారు చేసి పంపుతాయి. ఆ పేరుకు నల్ల పదార్థం అని అర్థం, నిజంగానే నల్లగా ఉంటుందంట. పార్కిన్సన్ జబ్బులో ఈ కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతాయి, ఆ నలుపు కూడా వెలిసిపోతుంది. చాలా కణాలు పోయాక గాని బయటికి తెలియదు.

అప్పుడు మడవ బిగుసుకుపోయినట్టు అవుతుంది. లేవటం, తిరగటం, బొత్తాం పెట్టుకోవటం అన్నీ నెమ్మది. మొహంలో నవ్వు కనపడదు, అందుకని తాతకు కోపం వచ్చింది అనుకుంటారు. గొంతు చిన్నదవుతుంది. చదువుకున్నవాళ్ళకైతే రాసే అక్షరాలు చిన్నవైపోతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించిన సంగతి. మనం నడిచేటప్పుడు కుడి కాలు, ఎడమ కాలు అని అనుకోము. అలవాటైన పని దానంతట అది జరిగిపోతుంది. ఆ అలవాటు దారి బేసల్ గాంగ్లియాలోంచే పోతుంది, ఈ జబ్బులో ముందుగా డోపమైన్ తగ్గేది ఆ భాగానికే. అందుకని తాత ప్రతి అడుగూ ఆలోచించి వెయ్యాలి. నడుస్తుంటే మనం పలకరిస్తే ఆగిపోతాడు. గుమ్మం దగ్గరికి రాగానే కాళ్ళు నేలకు అంటుకుపోయినట్టు నిలబడిపోతాడు.

కానీ నేల మీద అడ్డంగా గీతలు గీస్తే ఒక్కో గీత దాటుకుంటూ వచ్చేస్తాడు! డప్పు మీద దరువు వేసినా అంతే. థింసాలో అడుగు వేసినట్టు వేస్తాడు. ఎందుకంటే కంటితో చూసి, చెవితో విని వేసే అడుగుకు మెదడులో వేరే దారి ఉంది. అందులో అనుమస్తిష్కం పని ఎక్కువ. ఒక దారి పాడైతే మెదడు రెండో దారి మీద ఎక్కువ ఆధారపడుతుంది. మెదడును స్కానింగు చేసి చూసినవాళ్ళకు కూడా రోగుల్లో అనుమస్తిష్కం మామూలు కంటే ఎక్కువ పని చేయటం కనపడింది. మా గుమ్మం ముందు నేను సున్నంతో అయిదు గీతలు గీశాను.

ఈ జబ్బు గురించి 1817లో ఇంగ్లండులో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు రాశాడు. ఆరుగురిని గురించి రాస్తే అందులో కొందరు వీధిలో కనపడినవాళ్ళే. మందు దొరకటానికి చాలా ఏళ్ళు పట్టింది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ అనే మందు ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. తరవాత డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే లేచి తిరిగాయి. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. రిసర్పిన్ మొదట తీసింది సర్పగంధి వేరులోంచి. ఎల్-డోపా దేనిలో ఉందో తెలుసా? మనం ముట్టుకుంటే ఒళ్ళంతా దురద పెట్టే దూలగొండి గింజల్లో! 1937లోనే మన దేశ శాస్త్రవేత్తలు ఆ గింజల్లోంచి తీశారు. అలాగని ఎవరూ గింజలు నూరి పెట్టకండి. ఎంత ఉందో కొలత తెలియదు, ఎక్కువైతే ప్రమాదం.

తాత వేసుకునేది లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర. డోపమైన్‌నే మింగితే రక్తంలోంచి మెదడులోకి పోదు, అందుకని దాన్ని తయారు చేసే సరుకు పంపుతారు. చచ్చిన కణాలను ఇది బతికించదు, ఉన్నన్నాళ్ళు కదలిక ఇస్తుంది. కొన్ని గంటలకు పని అయిపోతుంది, మళ్ళీ వెయ్యాలి. ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మా అమ్మకు చదువు రాదు. అందుకని పొద్దు పొడవటం, నడినెత్తిన సూర్యుడు, దీపం అని మూడు బొమ్మలు గోడ మీద గీసి, వాటి కింద మాత్రలు కట్టాను.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు చూడండి. చెయ్యి ఊరికే ఒడిలో పెట్టుకున్నప్పుడు వణికి, ముంత పట్టుకోగానే తగ్గుతుందా? ఒక పక్కే మొదలైందా? నడకలో ఒక చెయ్యి ఊగటం మానేసిందా? ఉంటే ఆశా అక్కకు చెప్పండి, నరాల డాక్టరు ఉన్న ఆసుపత్రికి రాసిమ్మనండి. వణుకు అంతా ఇదే జబ్బు కాదు. థైరాయిడ్ వల్ల, కొన్ని మందుల వల్ల కూడా వస్తుంది. ఏదో డాక్టరే చూసి చెప్పాలి.

– 9వ తరగతి విద్యార్థిని