ఒకే తీరం, రెండు రకాల ఫొటోలు

పత్రికా ఫొటోకు జరిగిన సంగతి ముఖ్యం. కళాత్మక ఫొటోకు తీసినవారి చూపు ముఖ్యం. నెల్లూరు తీరంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది.

2021 నవంబరులో పెన్నా వరద ధాటికి నెల్లూరు పక్కనున్న పడుగుపాడు వద్ద రైలుకట్ట కొట్టుకుపోయింది. అలాంటిచోట పత్రికా ఫొటోగ్రాఫర్‌కు మంచి వెలుతురు కోసం ఆగే తీరిక ఉండదు. పట్టాలు, వాటి కింది కోత ఒకే ఫ్రేములో పడాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగిందో ఫొటో కింది వ్యాఖ్య చెప్పాలి. వెలుగునీడలు కొంత సవరించవచ్చు. ఉన్నదాన్ని చెరపడం, లేనిదాన్ని చేర్చడం మాత్రం వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ నిబంధనలు ఒప్పుకోవు.

చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోలను తీసే కళాకారుడికి ఆ కట్టుబాట్లు లేవు. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు పెడితే ఎగిరే పక్షి రెక్క గాలిలో ఆగినట్టు పడుతుంది. పదిహేనో వంతుకు తగ్గిస్తే గుంపంతా గులాబీ చారలుగా మారుతుంది. పక్షులెన్నో, ఏ రోజో ఆ ఫొటో చెప్పదు, చెప్పనక్కర్లేదు కూడా.

శ్రీహరికోటలో రాత్రిపూట రాకెట్ ఎగిరినప్పుడు షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఆకాశంలో వెలుగు విల్లులా వంగుతుంది. అది వార్తకూ పనికొస్తుంది, ప్రదర్శనకూ పనికొస్తుంది. వార్తా ఫొటో గ్యాలరీ గోడకెక్కవచ్చు. కళ కోసం మార్చిన ఫొటోను మాత్రం వార్తగా అచ్చువేయకూడదు.