అచ్చుయంత్రానికి కొలతలు నేర్పడం

కొత్తగా కట్టిన ఇళ్ళ గుమ్మాలపైన వేంకటేశ్వరస్వామి బొమ్మో, నెమలి బొమ్మో టైల్స్ మీద అచ్చువేసి అతికించి ఉండటం మీరు చూసే ఉంటారు. బొమ్మ ఒక్కటే అయినా టైల్స్ నాలుగో, ఆరో ఉంటాయి. ఒక టైలు మీద మొదలైన గీత పక్క టైలు మీదికి తిన్నగా సాగిపోవాలి. అచ్చు రెండు మిల్లీమీటర్లు పొట్టి అయిందంటే నెమలి మెడ మధ్యలో విరిగినట్టు కనిపిస్తుంది. అతికించాక చేసేదేమీ లేదు. టైల్స్ అన్నీ దండగే.

ఇలాంటి గట్టి వస్తువుల మీద బొమ్మలు వేసే యంత్రాలలో ఒకదాన్ని ఫ్లాట్‌బెడ్ ప్రింటర్ అంటారు. అది చూడటానికి పెద్ద మంచంలాగా ఉంటుంది. దాని మీద 2440 మి.మీ. పొడవు, 1220 మి.మీ. వెడల్పు గల చెక్కను, అంటే మన వడ్రంగులు ఎనిమిది నాలుగుల షీటు అనేదాన్ని, అలాగే పడుకోబెట్టవచ్చు. చాలా యంత్రాలలో షీటు కదలదు. దాని పైన ఒక వంతెన పొడవునా జరుగుతుంది. ఆ వంతెన మీద సిరాపెట్టె అడ్డంగా పరిగెత్తుతూ సన్నని సిరాచుక్కలను చల్లుతుంది.

మరి, మీటరు అంటే ఎంతో ఆ యంత్రానికి ఎలా తెలుసు? తెలియనే తెలియదు! దానికి వచ్చినదల్లా లెక్కపెట్టడం. వంతెనను జరిపే మోటారు చిన్న చిన్న అడుగులు వేస్తుంది. మిల్లీమీటరుకు 80 అడుగులు అని మనం చెబితే, 2000 మి.మీ. గీత గియ్యమన్నప్పుడు అది 1,60,000 అడుగులు వేసి ఆగిపోతుంది. పని సరిగా చేశాననే అనుకుంటుంది.

ఇది సైకిలుతో దూరం కొలవటం లాంటిదే. చక్రం ఒక చుట్టు తిరిగితే 2 మీటర్లు అనుకోండి. 500 చుట్లకు ఒక కిలోమీటరు. కాని టైరులో గాలి తగ్గి, చుట్టుకు ఒక్క సెంటీమీటరు తక్కువ నడిచిందనుకోండి. చుట్లు 500 సరిగ్గా లెక్కపెట్టినా మీరు 5 మీటర్ల ఇవతలే ఆగిపోతారు. టైరుకు సుద్దగీత పెట్టి, గాలి నిండుగా ఉన్నప్పుడు పది చుట్లు, తగ్గినప్పుడు పది చుట్లు సైకిలెక్కి తొక్కి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్రింటరులో గాలికి బదులు బెల్టు ఉంటుంది. అది కొంచెం సాగినా, దాన్ని తిప్పే పళ్ళచక్రం వెంట్రుకవాసి తేడాగా తయారైనా లెక్క తప్పుతుంది. అందుచేత ఒక పొడవైన గీతను అచ్చువేసి, మంచి స్టీలు టేపుతో కొలుస్తారు. 2000 రావలసిన చోట 1996 వచ్చిందనుకోండి. వేసిన అడుగులు 1,60,000, నడిచింది 1996. భాగిస్తే మిల్లీమీటరుకు 80.16 అడుగులు. యంత్రంలో 80 చెరిపి 80.16 అని రాయాలి. అయిదో తరగతి భాగహారం చాలు!

100 మి.మీ. గీత గీసి చూస్తే పని త్వరగా అయిపోదా అని మీరు అడగవచ్చు. అవదు సరిగదా, ఉన్నది కూడా చెడుతుంది. కొలిచేటప్పుడు కన్ను అర మిల్లీమీటరు పొరపడటం మామూలే. ఆ పొరపాటు 100 మి.మీ. గీతలో జరిగితే, దాన్ని నమ్మి దిద్దిన యంత్రం 2000 మి.మీ. మీద ఏకంగా 10 మి.మీ. తప్పుతుంది. గీత ఎంత పొడవైతే మన కంటి తప్పు అంత పలచబడుతుందన్నమాట.

ఇంకొక తమాషా ఉంది. 1000 గీతకు 2, 2000 గీతకు 4 తగ్గితే అది అడుగుల లెక్కలో తప్పు. రెంటికీ 2 మాత్రమే తగ్గితే అడుగుల లెక్కను ముట్టుకోకూడదు. వంతెన దిక్కు మార్చుకునే చోట ఎక్కడో వదులు ఉన్నదని దాని అర్థం.

టేపును కూడా గుడ్డిగా నమ్మరాదు. దాని కొనన ఉండే కొక్కెం కొంచెం కదులుతుంది, చూశారా? అది పాడవటం కాదు. నెట్టి కొలిచినా, లాగి కొలిచినా కొక్కెం మందం లెక్కకు రాకుండా కావాలనే అలా చేస్తారు. కాని కొక్కెం అరిగినా, వంగినా మోసం చేస్తుంది. అందుకని తెలిసినవాళ్ళు 100 అన్న గీత దగ్గర మొదలుపెట్టి, ఆఖరున 100 తీసేస్తారు.

తరువాత ఎండ. పది డిగ్రీల వేడి పెరిగితే రెండు మీటర్ల స్టీలు పావు మిల్లీమీటరు కూడా సాగదు. అంతే పొడవు అక్రిలిక్ షీటు దాదాపు ఒకటిన్నర మి.మీ. సాగుతుంది. ఎండలో నుంచి తెచ్చిన షీటు మీద వెంటనే అచ్చువేస్తే, చల్లబడ్డాక బొమ్మ దానితోపాటే ముడుచుకుంటుంది. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు దగ్గర సెయింట్ థామస్ కొండ వద్ద 100 అడుగుల ఉక్కు గొలుసుతో నేల కొలిచినప్పుడు, పక్కన ఉష్ణమాపకాలు పెట్టుకున్నది ఈ కారణం చేతనే.

పొడవూ వెడల్పూ విడివిడిగా దిద్దినా ఒక తప్పు దాక్కుని ఉండవచ్చు. వంతెన కొంచెం ఐమూలగా ఉంటే చదరం ఒరిగిపోతుంది. అందుకని 2000, 1000 మి.మీ. భుజాలతో చదరం వేసి రెండు కర్ణాలూ కొలుస్తారు. రెండూ 2236 రావాలి. వంతెన ఒక కొన 2 మి.మీ. వెనకబడినా కర్ణాల మధ్య మూడున్నర మి.మీ. తేడా బయటపడుతుంది. పునాది ముగ్గు వేసే మేస్త్రీలు తాడుతో చూసేదీ ఇదే. దీనికి అంకెలు దిద్ది లాభం లేదు. మరలు వదులు చేసి వంతెననే జరపాలి.

ఆ మీదట మళ్ళీ ఒక గీత, మళ్ళీ టేపు. 2000కు 2000 వచ్చిన అంకెను తేదీ వేసి యంత్రం పక్కన రాసిపెట్టుకుంటారు. బెల్టు మార్చిన రోజున ఆ అంకె కొట్టివేసి, ఇంకొకటి రాయవలసిందే.