వెంటాడువాని బాట
జాంబీల ఆటలో ఒక గణిత పాఠము

కుక్క కుందేలును తరుమును. తూనీగ దోమను తరుమును. బడి ఆవరణలో బాలుడు బాలుని తరుమును. తరుమువాడు ఏ దారిని వచ్చిన పట్టుకొనగలడు? పరుగెత్తువాడు ఏ దారిని పోయిన తప్పించుకొనగలడు? ఈ ప్రశ్నలు ప్రాణులతో పాటు పుట్టినవి. గణితశాస్త్రజ్ఞులు మాత్రము వీనిని సుమారు మూడు వందల సంవత్సరముల క్రిందట చేపట్టిరి. నేడు మామిడికుదురులోను, రాజోలులోను, అమలాపురములోను విద్యార్థులు సెల్‌ఫోనుపైనను కంప్యూటరుపైనను ఆడు వీడియో ఆటలలో ఇవే ప్రశ్నలు తిరిగి తల యెత్తుచున్నవి. ఆటగాడు వానికి చేతి నేర్పుతో సమాధానము చెప్పుచున్నాడు. ఆ సమాధానము వెనుక నున్న గణితమును వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఆట స్వరూపము

జాంబీ యనగా చచ్చి లేచి తిరుగు శవము. ఈ మాట హైతీ దేశపు జానపద విశ్వాసముల నుండి వచ్చినది. 1968లో అమెరికాలో జార్జి రొమెరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అను చిత్రము ఈ కల్పనకు నేటి రూపమిచ్చినది. తెలుగువారికి 2021లో వచ్చిన 'జాంబీ రెడ్డి' చిత్రము వలన ఇది సుపరిచితమే. వీడియో ఆటలలో 2008లో వెలువడిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్' నందు నలుగురు వరకు ఆటగాండ్రు జట్టుగా చేరి, అలలు అలలుగా వచ్చు జాంబీలను ఎదుర్కొను ఒక విభాగము కలదు. ఇట్టి ఆటలు పిమ్మట అనేకము వచ్చినవి.

ఈ ఆటలలో జాంబీలు లెక్కకు మిక్కిలి, తూటాలు పరిమితము. కావున ఆటగాండ్రు ఒక ఉపాయము కనిపెట్టిరి. ఒకడు గుంపునంతటిని తనవైపు ఆకర్షించి, అందీ అందని దూరమున దానిని తన వెనుక త్రిప్పుకొనుచు పరుగెత్తును. దీనికి 'కైటింగ్' అని పేరు. కైట్ అనగా గాలిపటము. దారము పట్టుకొని పరుగెత్తు బాలుని వెనుక గాలిపటము వచ్చునట్లు గుంపు వచ్చును గనుక ఈ పేరు వచ్చినది. బారుగా వచ్చును గనుక కొందరు దీనిని రైలు అనియు అందురు.

ఇంతమంది శత్రువులు ఒక్కనిని ఏల పట్టుకొనలేకున్నారు? ఆటగానిని ఇచ్చట రక్షించునది కండబలము కాదు, ఆయుధము కాదు. వెంటాడువాడు పాటించు నియమమే అతనిని రక్షించుచున్నది.

ఓడల లెక్క

సామాన్యమైన జాంబీ పాటించు నియమము ఒక్కటే: 'ఆటగాడు ఇప్పుడు ఎచ్చట నున్నాడో అచ్చటికి నడువుము.' దారిలో గోడ యున్నచో దానిని చుట్టి వచ్చు దగ్గరి త్రోవను కంప్యూటరు వెదకి యిచ్చును. అట్టి వెదకులాటకు ప్రసిద్ధమైన 'ఏ-స్టార్' పద్ధతిని 1968లో పీటర్ హార్ట్, నిల్స్ నిల్సన్, బెర్‌ట్రమ్ రఫేల్ అనువారు ప్రకటించిరి. బయలు ప్రదేశమున మాత్రము జాంబీ తిన్నగా మనవైపే ముఖము పెట్టి వచ్చును. మనము కదలుదుము గనుక దాని ముఖము క్షణక్షణము తిరుగుచుండును. అందుచే దాని బాట సరళరేఖ కాక ఒక వంకర రేఖ యగును. దీనినే అనుధావన వక్రము అనవచ్చును.

ఈ వక్రమును 1732లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ బూగేర్ పరిశీలించెను. ఒక వర్తక నౌక తిన్నగా పోవుచున్నది. ప్రక్కనుండి దొంగల ఓడ ఎల్లప్పుడు దానివైపే ముక్కు పెట్టి తరుముచున్నది. దొంగల ఓడ దారి ఎట్లుండును? ఇదియే ఆయన సమస్య.

అంకెలలో చూతము. పరుగెత్తువాని బాటకు లంబముగా 100 మీటర్ల దూరమున తరుమువాడు నిలిచియున్నాడు. వాని వేగము రెండింతలు. ఎప్పటికప్పుడు ఎదుటివాడున్న చోటికే గురిపెట్టి వచ్చినచో, పరుగెత్తువాడు సుమారు 67 మీటర్లు పోయిన పిమ్మట దొరకును. అట్లుగాక ఎదుటివాడు చేరబోవు చోటును ఊహించి మొదటినుండి అచ్చటికే తిన్నగా పోయినచో 58 మీటర్లకే దొరకును. ఈ రెండవ లెక్క పైథాగరస్ సిద్ధాంతముతో ఎవరైనను చేయవచ్చును. ఇద్దరి వేగము సమానమైనచో, మొదటి పద్ధతిలో తరుమువాడు ఎన్నటికిని పట్టుకొనలేడు. చివరకు 50 మీటర్లు వెనుకబడి అట్లే పోవుచుండును. ఉన్న చోటికి గురిపెట్టుట కంటె ఉండబోవు చోటికి గురిపెట్టుట మేలని దీనివలన తెలియుచున్నది. సామాన్యమైన జాంబీకి ఈ తెలివి లేదు.

వృత్తము చేయు ఉపకారము

ఆటస్థలము అనంతము కాదు గనుక ఆటగాడు తిన్నగా ఎంతో దూరము పరుగెత్తలేడు, చుట్టు తిరుగవలసినదే. అతడు 10 మీటర్ల వ్యాసార్ధముగల వృత్తముపై సెకనుకు 5 మీటర్ల వేగముతో పరుగెత్తుచున్నాడనుకొందము. జాంబీ వేగము సెకనుకు 4 మీటర్లు. కొంతసేపటికి జాంబీ కూడ అదే కేంద్రము గల ఒక చిన్న వృత్తములో కుదురుకొనును. ఆ వృత్తపు వ్యాసార్ధ మెంత?

ఇద్దరును ఒక చుట్టును ఒకే కాలములో ముగింతురు. కావున వ్యాసార్ధముల నిష్పత్తి వేగముల నిష్పత్తికి సమానము. అనగా జాంబీ వృత్తపు వ్యాసార్ధము 8 మీటర్లు. జాంబీ కదలు దిశ దాని వృత్తమునకు స్పర్శరేఖ. దాని ముఖము ఆటగానివైపే యున్నది గనుక ఆ స్పర్శరేఖ ఆటగానిని తాకును. కేంద్రము, జాంబీ, ఆటగాడు ఈ మూడు బిందువులను కలిపిన జాంబీ యొద్ద లంబకోణము గల త్రిభుజము వచ్చును. కర్ణము 10, ఒక భుజము 8. కావున రెండవ భుజము 6. ఆటగానికిని జాంబీకిని నడుమ ఎడము ఎప్పుడును 6 మీటర్లే. ఎన్ని చుట్లు తిరిగినను అది తరుగదు, పెరుగదు.

జాంబీ వేగము సెకనుకు 3 మీటర్లైనచో ఎడము 8 మీటర్లు. 4.75 మీటర్లైనచో ఎడము 3 మీటర్లకు తగ్గును. వేగములు సమానమైనచో ఎడము క్రమముగా సున్నకు చేరును. తిన్నని బాటపై సమాన వేగము గలవాడు మనలను అందుకొనలేడని చూచితిమి. వృత్తముపై వాడు అంతకంతకు చేరువ యగును. ఇక మనకంటె వేగముగా పరుగెత్తు శత్రువుపై ఈ విద్య యేమాత్రము పనిచేయదు. వీధికుక్క మనకంటె వేగముగా పరుగెత్తును గనుక దీనిని దానిపై పరీక్షింపరాదు.

నూరుగురు ఒక్కడగుట

పై లెక్కలో జాంబీ ఎచ్చటినుండి బయలుదేరినదో మనము చెప్పలేదు. చెప్ప నక్కరలేదు కూడ. ఏ మూలనుండి బయలుదేరినను, దారిలో ఆటగాడు దానికి ఎదురుపడి చిక్కకున్నచో, అది చివరకు అదే చిన్న వృత్తములో, ఆటగానికి అంతే వెనుకగా కుదురుకొనును. పై అంకెలతో చూచిన ఒక చుట్టు లేక రెండు చుట్లు చాలును. ఒక చుట్టుకు పట్టు కాలము సుమారు 12.5 సెకనులు. కావున నలుమూలల నుండి వచ్చిన జాంబీలన్నియు అరనిమిషములో ఒకే చోటికి చేరును. నిజమునకు అవి ఒకదానిలో నొకటి దూరలేవు గనుక ముద్దగానో బారుగానో ఏర్పడును. ఆటగాండ్రు చెప్పు రైలు ఇదియే. నలువైపుల నుండి ముట్టడించిన గుంపు ఒకే దిక్కున నిలిచిన శత్రువైనది.

దీనిని తరగతిలో కాగితముపై చూపవచ్చును. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధముతో వృత్తము గీసి, దానిపై సెంటీమీటరున కొక చుక్క పెట్టవలెను. ఇవి ఆటగాని అడుగులు. వృత్తములోపల ముగ్గురు విద్యార్థులు మూడు రంగుల పెన్సిళ్లతో మూడు వేరువేరు చోట్ల జాంబీలను ఉంచవలెను. ఆటగాడు ఒక చుక్క జరిగినప్పుడెల్ల ప్రతి జాంబీని అతనివైపు 8 మిల్లీమీటర్లు జరుపవలెను. ఆటగాడు చుట్టు ముగించు వేళకు మూడు రంగుల గీతలు ఒకదానితో నొకటి కలియుట పిల్లలు తమ కన్నులారా చూతురు.

అభ్యాస క్రమము

ఈ విద్యను నేర్చుకొనువాడు మొదట ఒకే జాంబీతో, అడ్డులేని చోట ఆరంభింపవలెను. తన వేగమునకును దాని వేగమునకును నిష్పత్తి యెంతయో గమనించుట మొదటి మెట్టు. పిమ్మట రెండు, ఐదు, పది అని సంఖ్యను పెంచవలెను. ఆరంభపు చుట్టే మిక్కిలి అపాయకరము; అప్పటికి గుంపు ఇంకను కూడలేదు, ముందు నుండి కూడ శత్రువులు రావచ్చును.

వృత్తములోపలికి కోసుకొని పోరాదు. జాంబీలు ఉండునది లోపలి వృత్తముననే. వెనుకకు తిరిగి కాల్చుటకు నిలిచినచో ఎంత నష్టమో లెక్క చెప్పును. ఎడము 6 మీటర్లు. జాంబీ సెకనుకు 4 మీటర్లు వచ్చును. ఒక సెకను నిలిచిన ఎడము 2 మీటర్లకు తగ్గును. ఒకటిన్నర సెకను నిలిచిన ప్రాణాంతకము. పోయిన 4 మీటర్లను తిరిగి పొందుటకు తిన్నగా పరుగెత్తినను 4 సెకనులు పట్టును.

గుంపు పెరిగిన కొలది వృత్తము పెద్దది కావలెను. జాంబీల వృత్తపు పరిధి సుమారు 50 మీటర్లు. ఒక్కొక్కటి మీటరు చోటు తీసికొని బారుగా నడచిన, 25 జాంబీలు వృత్తములో సగమును నింపును. స్థూలముగా 45 అయినచో బారు తోక ఆటగాని ముందునకు వచ్చును. అప్పుడు తోకలోని జాంబీలకు అతడు ఎదురు వచ్చినవాడగును. తన రైలును తానే ఢీకొనుట యనగా ఇదియే.

జట్టు పని

ఒకడు గుంపును త్రిప్పుచుండగా మిగిలినవారికి తీరిక దొరకును. ఒకడు పడిపోయిన మిత్రుని లేపును. ఒకడు తలుపు బిగించును. ఒకడు ప్రక్కనుండి గుంపును కాల్చును. కాని కాల్చువాడు గుంపునకు మరీ చేరువైనచో కొన్ని జాంబీలు అతనివైపు మరలును, రైలు తెగును. ఇద్దరు వేరువేరు గుంపులను త్రిప్పునప్పుడు వారి వృత్తములు ఒకదాని నొకటి ఖండింపరాదు. ఏలయనగా మొదటివాని వెనుక వచ్చు గుంపు రెండవవానికి ముందు నుండి వచ్చు గుంపగును. ఎవరు ఏ చోట తిరుగవలెనో ముందుగా చెప్పుకొని, తప్పుకొను వేళ కేక వేసి తెలుపు జట్టే నిలుచును.

ముందుచూపు గల శత్రువు

1980లో జపానులో వెలువడిన 'పాక్-మాన్' ఆటలోని దయ్యములలో ఎర్రనిది ఆటగాడున్న గడికే గురిపెట్టును. గులాబి రంగుది అతని ముందు నాలుగు గడుల అవతలకు గురిపెట్టును. మొదటిది వెనుక తరుమగా రెండవది ముందు కాచును. 1999లో క్రెయిగ్ రేనాల్డ్స్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఈ రెండు నడకలను వేరువేరుగా నిర్వచించెను. గుంపులో ముందుచూపు గలది ఒక్కటి యున్నను వృత్తపు రక్షణ పోవును. అప్పుడు ఆటగాడు దిక్కు మార్చుచుండవలెను. అతని గమనమును ముందుగా ఊహించుటయే దాని బలము గనుక, ఊహకు అందకుండుటయే దానికి విరుగుడు.

ప్రకృతిలో ఇట్టి వేటగాడు తూనీగ. వరిచేలపై ఎగురు తూనీగ దోమ వెనుక పడదు. అది చేరబోవు చోటికి పోవును. దోమ తన కంటికి ఒకే దిక్కున నిలిచి కనిపించునట్లు తన గమనమును సరిదిద్దుకొనుచు ఎగురును. దిక్కు మారక దూరము తరుగుచున్నచో ఇద్దరును ఒక చోట కలిసి తీరవలెను. పరిశోధకులు గమనించిన వేటలలో తూనీగలు పదింట తొమ్మిదికి పైగా సఫలమైనవి.

ఏటిపై ఇదే పాఠము

తూనీగ కలిసికొనుటకు వాడు సూత్రమునే నావికుడు కలిసికొనకుండుటకు వాడును. మామిడికుదురు మండలములోని అప్పనపల్లి గోదావరి శాఖయైన వైనతేయ ఒడ్డున నున్నది. అట్టి పాయపై మన పడవ తిన్నగా పోవుచుండగా, ప్రక్కనుండి మరియొక పడవ వచ్చుచున్నదనుకొందము. మన పడవ మీది ఒక గుంజకు సరిగా అది కనిపించినది. కొంతసేపటికి అది గుంజకు ముందునకో వెనుకకో జరిగినచో సామాన్యముగా భయము లేదు. గుంజకు సరిగానే నిలిచి, అంతకంతకు పెద్దదిగా కనిపించుచున్నచో, దారి మార్చక తప్పదు. ప్రక్కకు కదలని వస్తువు అపాయకరముగా తోచదు. అందుచేతనే ఇది మిక్కిలి అపాయకరము. 1972 నాటి అంతర్జాతీయ నౌకా సంఘర్షణ నివారణ నియమములలో ఏడవ నియమము ఈ మాటనే చెప్పుచున్నది: దరికి వచ్చు నౌక యొక్క దిక్కు దిక్సూచిపై చెప్పుకోదగినంత మారనిచో ఢీకొను ప్రమాదము కలదని భావింపవలెను. పెద్ద నౌక విషయములోను, మిక్కిలి చేరువలోను, దిక్కు మారినను ప్రమాదము ఉండవచ్చునని కూడ అది హెచ్చరించుచున్నది.

జాంబీల ఆటలో ఓడినవాడు మరల ఆడవచ్చును. ఏటిపైనను రహదారిపైనను ఆ అవకాశము లేదు. కావున ఉపాధ్యాయులు, పిల్లలు ఎట్లును ఆడుచున్న ఆటనుండియే స్పర్శరేఖను, లంబకోణ త్రిభుజమును ఎత్తి చూపి, అచ్చటినుండి పడవ మీది గుంజ వరకు వారిని నడిపింపవచ్చును. కావలసిన సామగ్రి ఒక వృత్తలేఖిని, ఒక కొలబద్ద, మూడు రంగుల పెన్సిళ్లు మాత్రమే.